తాకట్టు కొట్టులో పాత రివాల్వర్

పాన్ షాపు అనగానే కిళ్ళీ గుర్తొస్తే తప్పు మనది కాదు. అమెరికాలో మాత్రం పాన్ షాప్ అంటే తాకట్టు కొట్టు. మన దగ్గర తాకట్టంటే బంగారం, మహా అయితే వెండి కంచం. అక్కడ గిటారు, డ్రిల్ మిషన్, పెళ్ళి ఉంగరం, వాటి పక్కనే అద్దాల బీరువాలో పాత రివాల్వర్లు. అప్పు తీర్చలేక జనం వదిలేసుకున్న సరుకు. దాన్ని పరీక్షించి బేరమాడే పద్ధతి మెకానికల్ వాళ్ళకి బాగా నచ్చుతుంది, ఎందుకంటే అందులో సగం మన సిలబసే.

ఉదాహరణకి స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్. 1899లో వచ్చింది, 1957లో మోడల్ 10 అని పేరు మారింది. దశాబ్దాలపాటు అమెరికా పోలీసుల నడుముకు వేలాడింది. వేలాడింది తప్ప పెద్దగా పేలలేదు. అందుకే తోలు ఒర రాసుకుని పైన నీలం రంగు పోయినా, లోపల యంత్రం కొత్తదానిలా ఉన్నవి దొరుకుతాయి. దీనికి రివర్స్ కేసే ప్రమాదం: పైన తళతళ, కింద గుంతలు. పాలిష్ పట్టి మళ్ళీ రంగు వేస్తే అంచులు గుండ్రబడతాయి, చెక్కిన అక్షరాలు అలుక్కుపోతాయి. ఈ కంపెనీ పాత మోడళ్ళలో హ్యామర్, ట్రిగ్గర్ మచ్చల మచ్చల రంగులో ఉంటాయి. అవి కూడా నీలంగా మెరుస్తుంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

చేతికి తీసుకున్నాక మొదటి పని సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీయేనా అని చూడటం. షాపువాడు చూశానన్నా సరే మళ్ళీ చూడాలి. మూసేటప్పుడు సినిమా హీరోలా మణికట్టు విదిల్చి టక్కున మూయకూడదు. సిలిండర్‌ని మోసే చెయ్యి వంగిపోతుంది, షాపువాడి ముఖం కూడా మారిపోతుంది.

అసలు పరీక్ష టైమింగ్. కేఓఎంలో రాచెట్ అండ్ పాల్ చదివాం కదా, ఇక్కడ ఉన్నది అదే. హ్యామర్ వెనక్కి లాగుతుంటే లోపలి పాల్ సిలిండర్‌ని ఆరో వంతు, అంటే 60 డిగ్రీలు తిప్పుతుంది. కింది నుంచి ఒక చిన్న స్టాప్ లేచి గాడిలో పడుతుంది. సిలిండర్ మీద వేలితో లైట్‌గా ఆపుతూ హ్యామర్‌ని మెల్లగా లాగాలి. హ్యామర్ పూర్తిగా నిలబడే లోపే స్టాప్ గాడిలో పడాలి. ఆరు గదులకీ విడివిడిగా చూడాలి, ఐదు బాగుండి ఒకటి బద్ధకించడం మామూలే. ఆ ఒక్క గది గొట్టంతో సరిగ్గా కలవకపోతే తూటా అంచుకి తగిలి సీసం పక్కకి చిమ్ముతుంది. పక్కన నిలబడ్డవాడి కంట్లో పడొచ్చు.

తర్వాత సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు. ఫీలర్ గేజ్‌తో 0.004 నుంచి 0.008 అంగుళం దాకా ఉంటే నిశ్చింత. సిలిండర్ ముందుకీ వెనక్కీ ఊగుతోందా అన్నది కూడా చూడాలి. గొట్టంలో టార్చి వేస్తే నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపించిందా, దాన్ని అక్కడే వదిలేయండి. లోపల ఇరుక్కున్న తూటా వెనక ఇంకోటి పేల్చితే గొట్టం ఉబ్బుతుంది, ఆ నీడ దానిదే. దీనికి బేరం లేదు.

ఎమ్మెస్‌కి వెళ్తున్న సీనియర్లకి ఒక మాట. ఎఫ్-1 మీదైనా, హెచ్-1బి మీదైనా ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఫోటో కోసం షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా ఇదే రూలు. కాబట్టి పైన చెప్పిందంతా అద్దం ఇవతల నుంచి ఆనందించండి. గ్రీన్ కార్డ్ ఉన్న బాబాయి కొంటుంటే పక్కన నిలబడి సలహా ఇవ్వొచ్చు. ఆయన కూడా ఫారం 4473 నింపాలి, పాత నేరాల చెకింగ్ దాటాలి. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే మాత్రం ధర అడక్కుండానే బయటికి నడవమనండి.

ఇక బేరం. షాపువాడి అసలు ఖర్చు ట్యాగ్ మీది ధర కాదు, అప్పుగా ఇచ్చిన డబ్బు. అందుకే తగ్గించే చోటు ఉంటుంది. "చాలా ఎక్కువండీ" అంటే ఎవడూ వినడు. "మూడో గది ఆలస్యంగా పడుతోంది, చూడండి" అని చేసి చూపిస్తే వింటాడు, ఎందుకంటే తర్వాత వచ్చేవాడు కూడా అదే చూపిస్తాడు.

మంచి ఉదాహరణ విక్టరీ మోడల్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి పంపినవి .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకి చేసినవి. యుద్ధం అయ్యాక తిరిగి అమెరికా చేరినవాటిలో చాలావాటి గదుల్ని పొడుగ్గా తొలిచి, .38 స్పెషల్ పట్టేలా చేశారు. కానీ స్పెషల్ తొడుగు సన్నం, పాత గది వెడల్పు. పేల్చాక తొడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. ట్యాగ్ మీద .38 స్పెషల్ అని, సీరియల్ ముందు వి అని, లోహం మీద బ్రిటిష్ పరీక్ష ముద్రలు ఉంటే, వాడిన తొడుగు ఒకటి ఉందా అని అడగండి. దాని నడుము లావెక్కి ఉంటే ట్యాగ్ ధర గురించి మాట్లాడే అవసరం షాపువాడికే వస్తుంది.