కలివి కోడి అడుగులు

గండికోట చూశారా? కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర ఉంది. అక్కడ పెన్నానది ఎర్రటి కొండను నిలువునా కోసినట్టు పారుతుంది. అదే పెన్న తూర్పుగా పోయి, సిద్ధవటం దగ్గర లంకమల కొండల పక్కగా సాగుతుంది. ఆ కొండల కింద అంతా కంప. ముళ్ళ పొదలు, గులకరాళ్ళ నేల. జీవాలు మేపేవాళ్ళు, కట్టెలకు పోయే ఆడవాళ్ళు తప్ప ఆ తట్టుకు పోయేవాళ్ళు తక్కువ.

ఆ కంపలో ఒక పిట్ట ఉంది. దాని పేరు కలివి కోడి. కలివి పొదల దగ్గర తిరుగుతుంది కాబట్టి మనవాళ్ళు ఆ పేరు పెట్టారు. పేరులో కోడి ఉంది గాని, అది కోడి జాతి కాదు. జానెడు కన్నా కాస్త పెద్దది. కాళ్ళు పొడుగు. కళ్ళు పెద్దవి. రొమ్ము మీద పట్టీలు ఉంటాయి. ఒంటి రంగు మట్టి రంగులో కలిసిపోతుంది. కదలకుండా నిలబడితే పక్కనే ఉన్నా కనబడదు.

1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల ఈ పిట్ట సంగతి లోకానికి తెలిసింది. ఆయన పేరే దానికి పెట్టారు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూశారు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఎంతోమంది వెతికారు. ఈ జాతి నశించిపోయింది అనుకున్నారు.

1980ల్లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ వెతకడం మొదలు పెట్టింది. పక్షుల మీద, అడవి జంతువుల మీద పరిశోధన చేసే పాత సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చారు. ఆయన ఒక మంచి పని చేశారు. పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి జనాన్ని అడిగారు. రెడ్డిపల్లెలో ఐతన్న అనే ఆయన ఉండేవాడు. పిట్టలు పట్టడంలో నేర్పరి. ఆయన బొమ్మను గుర్తు పట్టాడు. ఇది రాత్రి తిరిగే పిట్ట అని ఊరివాళ్ళకు తెలుసు. వెతికినవాళ్ళు అన్నాళ్ళూ పగలే వెతికారు! 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న టార్చిలైటుతో పోయి పిట్టను పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళకు కలివి కోడి దొరికింది. పాపం, ఆ పిట్ట బతకలేదు. దాని కళేబరాన్ని బొంబాయిలో భద్రపరిచారు.

మన ఇంటి కోడికి చీకటి పడితే కళ్ళు కనబడవు. మరి ఈ పిట్టకు ఎట్లా కనబడుతుంది? కంటి లోపలి పొరలో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. ఒక రకం పగటి వెలుగులో రంగులు చూపుతుంది. రెండో రకం మసక వెలుతురులో పని చేస్తుంది. కోడి కంట్లో మొదటి రకం ఎక్కువ. రాత్రి తిరిగే పక్షుల కంట్లో రెండో రకం ఎక్కువ. (మనకు ఆ రెండో రకం కణాలు పని చేయాలంటే విటమిన్ ఎ కావాలి. అది తగ్గితే రేచీకటి వస్తుంది. ఆకుకూరలు, బొప్పాయి తినమని నర్సమ్మ చెప్పేది అందుకే.)

కాళ్ళలో కూడా తేడా ఉంది. కోడికి ముందు మూడు వేళ్ళు, వెనక ఒక వేలు. ఆ వెనక వేలితోనే కొమ్మను పట్టుకుని నిద్రపోతుంది. కలివి కోడికి వెనక వేలు లేదు. కొమ్మ ఎక్కదు. నేల మీద పరుగెత్తుతుంది.

ఈ మూడు వేళ్ళే తర్వాత శాస్త్రవేత్తలకు పనికి వచ్చాయి. 2000 తర్వాత జగన్నాథన్ అనే యువ శాస్త్రవేత్త లంకమలకు వచ్చారు. ఏళ్ళ తరబడి అక్కడ పని చేశారు. పిట్టలేమో కొన్నే ఉన్నాయి. పట్టుకుంటే చస్తాయేమో. రాత్రి చూద్దామంటే కనబడవు. మరి ఎన్ని ఉన్నాయి, యాడ ఉన్నాయి అని తెలిసేది ఎట్లా?

పొదల మధ్య నేలను చదును చేశారు. దాని మీద మెత్తటి మన్ను పరిచారు. మనం ముగ్గు వేసే ముందు వాకిలి సర్దుకున్నట్టే. పొద్దున పోయి చూస్తే మన్ను మీద రాత్రి నడిచిన వాటి అడుగులు ఉండేవి. తీతువువి, కౌజువి, కుందేలువి, నక్కవి. అన్నీ ఒకటిగానే కనబడతాయి. జగన్నాథన్, ఆయన తోటివాళ్ళు ప్రతి అడుగునూ కొలిచారు. ఏ వేలు ఎంత పొడుగు, వేలికి వేలికి మధ్య ఎంత ఎడం అని చూశారు. కలివి కోడి అడుగు ఏదో అట్లా తేల్చారు. కొన్నిచోట్ల కెమెరాలు పెట్టారు. పిట్ట ముందుకు వస్తే కెమెరా దానంతట అదే ఫొటో తీస్తుంది. పిట్ట రెట్టను కూడా పరీక్షించారు. అందులో చెదలు, చీమల ముక్కలు కనబడ్డాయి. దాని తిండి ఏమిటో తెలిసింది.

పొదల లెక్క కూడా తీశారు. కంప మరీ దట్టంగా ఉంటే కలివి కోడి ఉండదు. పొదలన్నీ నరికేసినా ఉండదు. హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే ఎక్కువగా తిరుగుతుంది. అంటే జీవాలు కాస్త మేసిపోయే కంప దానికి మేలే. కాని మిషన్లు పెట్టి దున్నేస్తే దానికి చోటు లేదు.

2005లో అదే జరిగింది. తెలుగుగంగ కాలువ కోసం ఆ కంపలో మిషన్లు దిగాయి. శాస్త్రవేత్తలు, అడవి మీద అక్కర ఉన్నవాళ్ళు అడ్డు చెప్పారు. విషయం ఢిల్లీ దాకా పోయింది. కరువు సీమకు నీళ్ళు వద్దు అనేవాళ్ళు ఎవరు? నీళ్ళూ కావాలి. కాని కాలువను కాస్త పక్కగా తవ్వవచ్చు. పిట్టకు మాత్రం ఇంకో చోటు లేదు. చివరకు కాలువ దారి మార్చారు.

దాని గూడు ఎట్లా ఉంటుందో ఇప్పటికీ తెలియదు. గుడ్డు మాత్రం ఒకటి ఉంది. 1917లో కోలారులో దొరికింది. దేశాలు దాటి స్కాట్లండులో ఒక మ్యూజియం చేరింది. అది కలివి కోడి గుడ్డే అని 2013లో తేల్చారు.

2008 తర్వాత చాలా ఏళ్ళు పిట్ట జాడ లేదు. మళ్ళీ పోయింది అనుకున్నారు. 2025 ఆగస్టులో దాని కూత వినిపించింది. పక్షులను గమనించేవాళ్ళు రికార్డు చేశారు. పొద్దు గూకిన ముప్పావుగంటకు అది కూస్తుంది. ట్విక్-టూ, ట్విక్-టూ అని కొద్దిసేపే కూసి ఆపేస్తుంది. అది జీవాలు దొడ్డికి చేరి, పొయ్యి మీద సంగటి ఉడికే వేళ.