గోలీలు మానివేయుట సాక్ష్యమా?

వాక్యభాగము: 2 రాజులు 20:1–7

ఈ దినము మన ధ్యానము హిజ్కియా రాజు జబ్బును గూర్చినది. బైబిలు దగ్గర ఉన్నవారు ఆ భాగము తెరచి పెట్టుకొనండి. అక్కడికి వెళ్లకముందు నేను ఒక తప్పు ఒప్పుకొనవలసి ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రితము మా తిమ్మాజిపేట ప్రాంతములో ఒక ఆదివారము, సాక్ష్యముల సమయములో ఒక సహోదరి లేచి నిలబడింది. కాన్పు తరువాత ఆమెకు దిగులు పట్టుకుంది. నిద్ర లేదు, ఆకలి లేదు, బిడ్డను ఎత్తుకోవాలన్న మనస్సు కూడ లేదు. డాక్టరుకు చూపిస్తే గోలీలు రాసిచ్చారు. మూడు నెలలు వాడింది, మనిషి తేరుకుంది. ఆ ఉదయము ఆమె అన్న మాట ఇది: "దేవుడు నన్ను బాగు చేసిండు. ఇగ గోలీలు ఎందుకని మోరీల పారేసిన." సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అంతటితో ఆగలేదు, "చూశారా, విశ్వాసమంటే ఇది" అని మైకులో చెప్పాను.

ఐదు వారములకు, తెల్లవారుజామున ఆమె భర్త మా తలుపు కొట్టాడు. "అయ్యగారూ, జర రాండ్రి. ఆమె మాట్లాడతలేదు, తింటలేదు. రాత్రి పత్తి మందు డబ్బా చేతిల వట్టుకొని కూసున్నది." మూత తీయకముందే ఆయన చూశాడు, అది దేవుని కృప. ఆసుపత్రిలో డాక్టరమ్మ పాత చీటీ చూసి ఒకే ప్రశ్న అడిగింది: "గోలీలు ఎవరు మాన్పించారు?" ఆ భర్త నా వైపు చూడలేదు, తల వంచుకొని నేల చూశాడు. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ సహోదరి అనుమతితోనే ఇది చెప్పుచున్నాను. ఊరు పేరు, మనిషి పేరు అడుగకండి.

ఇప్పుడు వాక్యము చూడండి. హిజ్కియాకు మరణకరమైన రోగము. గోడ వైపు ముఖము త్రిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించాడు. యెషయా ఇంకా నగరు దాటకముందే దేవుడు జవాబిచ్చాడు, పదిహేను సంవత్సరముల ఆయుష్షు కలిపాడు. మాట ఇచ్చినవాడు దేవుడే, ఆ మాట తప్పేది కాదు. అయినను ఆ వెంటనే ప్రవక్త ఏమి చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. అప్పుడు రాజు బాగుపడ్డాడు. దేవుడు మాట ఇచ్చిన తరువాత కూడ మందు వేశారు. మందు వేసినందుకు హిజ్కియా అవిశ్వాసి అని ఎవ్వరును అనలేదు. సెమినరీలో ఈ భాగము పరీక్షకు చదివాను, వ్యాఖ్యానము రాశాను, మార్కులు కూడ వచ్చాయి. ఆ ఆదివారము మాత్రము గుర్తుకు రాలేదు.

మన పాలమూరు విశ్వాసులకు ఇది క్రొత్త సంగతి కాదు. మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఈ జిల్లాకు సువార్తతో పాటు బడిని, దవాఖానాను తెచ్చారు. జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో మన తాతలు ప్రార్థన చేసి మందు త్రాగారు, మందు త్రాగి ప్రార్థన చేశారు. టీబీకి ఆరు నెలల కోర్సు ఉంటుందని నేడు ప్రతి పల్లెకు తెలుసు. రెండు నెలలకు దగ్గు ఆగిందని గోలీలు మానితే జబ్బు మరింత మొండిగా తిరిగి వస్తుందని ఆశా కార్యకర్త ఇల్లిల్లు తిరిగి చెప్పుచున్నది. ఆ మాట వింటాము. మనస్సు జబ్బు గోలీలకు వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుంది? "పిచ్చి మందులు" అన్న ఒక్క మాట మనలను భయపెడుతున్నది.

నిజానికి డిప్రెషన్ మందులలో మొదటివి దొరికినది టీబీ వార్డులోనే. 1952లో అమెరికాలో ఇప్రోనియాజిడ్ అను టీబీ మందు వాడిన రోగులలో దిగులు తగ్గి హుషారు రావడము డాక్టర్లు గమనించారు. అక్కడి నుండి వెదుకుతూ వెదుకుతూ నేటి మందులకు వచ్చారు. ఫ్లూక్సెటిన్, సెర్‌ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ అను పేర్లు మీ చీటీలో కనబడవచ్చును. డిప్రెషన్‌కు, విపరీతమైన ఆందోళనకు రెండింటికీ ఇవే ఇస్తారు. అందుచేత "నాకు భయమే గాని దిగులు లేదు, ఈ గోలీ ఎందుకు రాశారు" అని కంగారుపడవద్దు.

అయితే దుఃఖము వచ్చిన ప్రతివారికి గోలీ అవసరమా? కాదు. ఇంట్లో చావు జరిగితే ఏడుస్తాము, పంట పోతే క్రుంగిపోతాము. అది జబ్బు కాదు. రెండు వారములు దాటి ప్రతి దినము అదే దిగులు, దేని మీదా మనస్సు లేకపోవడము, నిద్ర చెడిపోవడము, తిండి సయించకపోవడము, నేను ఎందుకూ పనికిరాను అన్న తలంపు, చావు తలంపు ఉంటే అప్పుడు డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తక్కువైనా, రక్తము తక్కువైనా ఇటువంటి నీరసమే వస్తుంది గనుక డాక్టరు రక్తపరీక్ష రాస్తే విసుగుకొనవద్దు. జబ్బు మధ్యస్థముగా గాని తీవ్రముగా గాని ఉన్నప్పుడే ఈ గోలీలు ఎక్కువగా రాస్తారు. కొందరికి మాటలతో చేసే చికిత్స, అంటే కౌన్సెలింగ్ చాలును.

గోలీ మొదలుపెట్టినవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తలనొప్పి గోలీ అరగంటలో పనిచేస్తుంది. ఈ గోలీ అట్లు కాదు. రెండు వారములకు కొంచెము తేడా తెలుస్తుంది, పూర్తి మేలు తెలియడానికి ఆరు, ఎనిమిది వారములు పట్టవచ్చు. ఈలోగా మొదటి వారములో కడుపులో వికారము, తలనొప్పి, నిద్రలో మార్పు, కొందరిలో ఆందోళన ఇంకా పెరిగినట్లు ఉండడము కద్దు. అంటే మేలు కంటె ఇబ్బందే ముందు వస్తుంది. అది చూసి నాలుగవ రోజుకే మానేసినవారిని నేను ఎందరినో చూశాను. చాలమందికి అది పది పదిహేను రోజులలో తగ్గిపోతుంది. దాంపత్య విషయములో ఇబ్బంది కూడ కొందరికి కలుగుతుంది. సిగ్గుపడి చెప్పకుండ మానేయవద్దు, డాక్టరుకు చెబితే మోతాదు గాని మందు గాని మారుస్తారు. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండు కలిపి వేసుకొనకూడదు.

మరి ఎంతకాలము? మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కైతే, మనిషి పూర్తిగా బాగుపడిన తరువాత ఇంకా కనీసము ఆరు నెలలు వాడమంటారు. బాగుపడిన దినము నుండి ఆరు నెలలు, మొదలుపెట్టిన దినము నుండి కాదు. మా సహోదరి మానినది సరిగ్గా ఆ లెక్క మొదలు కావలసిన సమయములో. పలుమార్లు వచ్చినవారు ఇంకా ఎక్కువ కాలము వాడవలసి ఉంటుంది. మానేటప్పుడు కూడ ఒక్కసారిగా కాదు. డాక్టరు మోతాదు తగ్గిస్తూ, వారములు, కొందరికి నెలలు తీసుకొని మాన్పిస్తారు. హఠాత్తుగా మానితే తల తిరగడము, చిరాకు, నిద్ర పట్టకపోవడము, తలలో కరెంటు కొట్టినట్లు జిల్లుమనడము కలుగవచ్చు. ఇది చూసి "గోలీలకు అలవాటు పడ్డాను, మత్తుమందు అయిపోయింది" అనుకుంటారు. సారాయి మీదికి మనస్సు లాగినట్లు ఈ గోలీల మీదికి లాగదు. శరీరము వాటికి సర్దుకొనియున్నది గనుక మెల్లగా దింపాలి, అంతే.

అలవాటు పడే గోలీలు వేరే ఉన్నాయి. ఇది మన జిల్లావారు ప్రత్యేకముగా వినవలసిన మాట. అల్ప్రాజోలమ్ వంటి నిద్ర గోలీలు కొద్ది దినములకే ఇవ్వవలసినవి. డాక్టరు చీటీ లేకుండ అమ్మకూడదని, అమ్మిన లెక్క రిజిస్టరులో రాయాలని 2013లో తెచ్చిన హెచ్-1 షెడ్యూలులో అల్ప్రాజోలమ్‌ను చేర్చారు. ఇదే అల్ప్రాజోలమ్ కల్తీ కల్లులో కూడ కలుపుతారు. 2015లో కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో ఏమైందో మీలో చాలమందికి జ్ఞాపకముండును. కల్లు ఆగగానే చేతులు వణికి, మూర్ఛలు వచ్చి, పిచ్చిగా మాట్లాడుతూ ఎందరో ఆసుపత్రులకు వచ్చారు. వారు త్రాగినది కల్లు అనుకున్నారు, శరీరము అలవాటు పడినది గోలీకి.

ఈ రెండు కలిస్తే ప్రమాదము. సాయంత్రము కల్లు త్రాగి, రాత్రి నిద్ర గోలీ వేసుకొని పడుకున్నవాని ఊపిరి మందగించవచ్చు. డిప్రెషన్ గోలీలు వాడుతూ త్రాగినా మత్తు పెరుగుతుంది, జబ్బు తగ్గదు. కనుక డాక్టరు దగ్గర "నేను కల్లు త్రాగుతాను" అని దాచకుండ చెప్పండి. సంఘ పెద్దవైనా చెప్పు తండ్రీ, అక్కడ నిన్ను వెలివేసేవారు లేరు. చాలకాలముగా రోజూ త్రాగేవారు మారుమనస్సు పొంది ఒక్క దినములో మానాలనుకుంటే, ఆ మానడము కూడ డాక్టరు చూపులో జరగాలి.

ఊరి ఆర్‌ఎంపి దగ్గరకు, మెడికల్ షాపుకు వెళ్లినప్పుడు మీరు వాడుతున్న గోలీ పేరు చెప్పండి. నడుము నొప్పికి ఇచ్చే ట్రమడాల్‌తో ఈ మందులు కలిస్తే వణుకు, చెమటలు, జ్వరము, మతి చెదరడము రావచ్చు. అట్లైతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి గోలీలతో కలిస్తే కడుపులో రక్తస్రావము ప్రమాదము పెరుగుతుంది. గర్భము వచ్చిందని తెలిసిన సహోదరి భయపడి తనంతట తాను మానివేయక ఆ వారములోనే డాక్టరును కలవాలి.

ఉపవాస ప్రార్థనలను గూర్చి నన్ను చాలమంది అడుగుతారు. నలువది దినముల ఉపవాసములలో గోలీ వేసుకుంటే ఉపవాసము భగ్నమగునా అని. భగ్నము కాదు. గోలీ, గుక్కెడు నీళ్లు దేవునికి కోపము తెప్పించవు. కడుపులో వికారము చేస్తే కొంచెము తిని వేసుకో. లిథియమ్ అను గోలీ వాడేవారు మాత్రము నీళ్లు లేని ఉపవాసము అసలే చేయకూడదు. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు విషమగును.

ఇంటివారికి ఒక హెచ్చరిక. ఇరువదియైదు ఏండ్ల లోపు పిల్లలలో ఈ మందు మొదలుపెట్టిన తొలి వారములలో, మోతాదు మార్చినప్పుడు, కొందరికి చావు తలంపులు పెరుగవచ్చు. అమెరికా ఔషధ సంస్థ మందుల సమాచార పత్రములలో ఈ హెచ్చరికను 2004లో పిల్లలను గూర్చి వేయించి, 2007లో ఇరువదినాలుగు ఏండ్ల వరకు ఉన్న యువకులకు కూడ విస్తరించింది. అందుకు మందు మానాలని కాదు, మనిషిని ఒంటరిగా విడువకూడదని. పురుగుల మందు డబ్బా ఇంట్లో గాని, కొట్టములో గాని ఉంచవద్దు. పొరుగువారి ఇంట తాళము వేయించండి. గోలీలు కూడ పది పదిహేను దినములకు సరిపోయేటంతే తెచ్చి, భర్త గాని తల్లి గాని దగ్గర పెట్టుకొని పూటపూటకు ఇవ్వండి. ఇంకొకటి. దిగులుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నిద్రే అక్కరలేనట్లు తిరుగుతూ, గొప్పలు మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తుంటే అది ఆత్మ అభిషేకమని తొందరపడి అనవద్దు, డాక్టరుకు చెప్పండి. అది వేరే జబ్బు గుర్తు కావచ్చు, మందు మార్చవలసి ఉంటుంది.

ఎవరైనా విషము త్రాగితే పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టి ప్రాణము పోగొట్టుకొనవద్దు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు ఎంచి, శిక్షించుటకు కాక చికిత్స చేయుటకు చెప్పుచున్నది.

తోటి సేవకులారా, మీతో ఒక మాట. స్పర్జన్ ప్రసంగములు మనమందరము చదువుతాము. 1856 అక్టోబరు 19న లండనులో ఆయన ప్రసంగించుచుండగా ఎవరో అగ్ని అని అబద్ధముగా కేక వేయగా, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పుడు ఆయన వయస్సు 22 సంవత్సరములు. ఆ క్రుంగుదల ఆయనను జీవితాంతము వదలలేదు, ఆ సంగతి ఆయనే పులిపీఠము నుండి చెప్పుకున్నాడు. నేటి డిప్రెషన్ మందులు ఆయన కాలములో లేవు. మనకు ఉన్నాయి. ఇక మీదట ఎవరైనా గోలీలు మానేశానని సాక్ష్యము చెప్పినప్పుడు నేను చేసినట్లు చేయకండి. కూటము ముగిసిన తరువాత ప్రక్కకు పిలిచి, "డాక్టరు మాన్పించారా అమ్మా?" అని అడగండి. అవసరమైతే తోడు వెళ్లండి. నూనె రాసి ప్రార్థించిన చేయి బస్సు టికెట్టు కూడ తీయవచ్చును.

మా సహోదరి మరల చికిత్స మొదలుపెట్టి, ఈసారి ఏడాదికి పైగా వాడింది. ఆ మధ్యలోనే ఒక ఆదివారము మరల నిలబడి, "నేను ఇంకా గోలీ ఏసుకుంటున్న. రాత్రి నిద్ర పడుతుంది. బిడ్డకు నేనే బువ్వ పెడుతున్న. దేవునికి స్తోత్రం" అన్నది. సంఘములో కొంతసేపు ఎవరును ఏమియు అనలేదు. ఎట్లు స్పందించాలో వారికి నేనే నేర్పించలేదు గదా. వెనుక చాప మీద కూర్చున్న ఒక ముసలితల్లి ముందుగా "స్తోత్రం" అన్నది, తరువాత అందరు అన్నారు. ఆ పైన డాక్టరే ఆమె గోలీలు మెల్లమెల్లగా తగ్గించి మాన్పించారు.

చూపించుకొనవలసినవారికి నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మహబూబ్‌నగర్‌లో అంతకు ముందే ఉన్నది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్యుల ఓపీ ఏ దినము ఉన్నదో కనుక్కొని వెళ్లండి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నది. బయలుదేరలేనివారు ఫోను తీసి 14416 నంబరుకు చేయండి. అది 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవ, డబ్బు ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రి చావు తలంపుతో ఈ కార్యక్రమము వింటున్నవారు ఎవరైనా ఉంటే, ప్రక్కన ఉన్న మనిషిని లేపి ఆ సంగతి చెప్పండి, ఆ నంబరుకు ఇప్పుడే చేయండి.

తలలు వంచి ప్రార్థన చేసుకుందాము.