ఊరినుంచి మళ్లీ బెంగళూరికి వచ్చినవాళ్లకు నాలుగు మాటలు

మిల్లు మూసినాక ఊరికి పోయి, వయసు పైబడినాక తిరిగి బెంగళూరికి వచ్చినవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. పెండ్లిళ్లలో కలిసినప్పుడు అందరూ ఒకటే అడుగుతారు, "ఊర్లో చల్లగా ఉంటిరి కదన్నా, మళ్లీ ఈ గలాటాలోకి ఏల వచ్చినారు?" అని. జవాబు అందరికీ తెలిసిందే. మోకాళ్ల నొప్పులు, ఆస్పత్రి, మనవళ్లు. కొడుకు, కోడలు ఇద్దరూ పనికి పోతే పిల్లకాయల్ని చూసేదానికి ఇంట్లో మనిషి కావాల. అందుకే వస్తాము. వచ్చినాక ఎట్లా ఇముడుకోవాల అనేది మాత్రం ఎవరూ చెప్పరు.

నాది డెంకణికోట. చదివింది అయిదో తరగతి. పద్దెనిమిదేండ్లకు బెంగళూరు వచ్చి రింగ్ ఫ్రేముల మీద ఇరవై రెండేండ్లు పని చేసినాను. ఆ కాలంలో మాగడి రోడ్డు, బిన్నీపేట, శ్రీరాంపురం ఎక్కడ చూసినా మిల్లు మనుషులే. బిన్నీ మిల్లు, రాజా మిల్లు, మినర్వా మిల్లు అంటే తెలియనివాళ్లు లేరు. మినర్వా మిల్లును 1971లో సర్కారు చేతికి తీసుకొనింది. దాని మీద నడిచిన కేసులో 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పొద్దుకీ లా చదివే పిల్లలకు పాఠం. మిల్లు కూత వింటే చాలు, గడియారం లేని ఇంట్లో కూడా టైము తెలిసేది. ఒక్కొక్కటే మూతబడె. చేతికి వచ్చిన డబ్బు తీసుకొని మేము డెంకణికోటకు పోయినాము.

అక్కడ ఇరవై ఏండ్లు ఉన్నాము. రెండు ఆవులు, కొంచెం రాగి చేను. కోతల కాలంలో అడవినుంచి ఏనుగులు దిగితే రాత్రంతా టపాసులు, డప్పులు. బేట్రాయస్వామి తేరుకు సుట్టాలంతా వచ్చేవాళ్లు. అంగడికి పోతే తెలుగు, కన్నడం, అరవం ఏది నోటికి వస్తే అది మాట్లాడేది. అక్కడ ఒకరిని అడ్రసు అడిగే పని లేదు. ఎవరి కొడుకు, ఏ వీధి అని చెప్తే చాలు.

చిన్న ఊరు మనిషికి ఇచ్చేది అదే. అందరికీ మనం తెలుసు. బెంగళూరికి వచ్చినాక పోయేది కూడా అదే. రెండో అంతస్తులో రెండు రూములు. ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. సాయంకాలం కూర్చునేదానికి అరుగు లేదు. టీ తాగి పది రూపాయలిస్తే "ఫోన్ పే లేదా తాతా" అంటాడు అంగడి పిల్లోడు.

ఇందులో ఒక సంగతి ఉంది. కొత్తగా వచ్చిన పిల్లోడు దారి తెలియకపోతే పదిమందిని అడుగుతాడు. మనకు సిగ్గు. "ఈ ఊర్లో ఇన్నేండ్లు పని చేసినోణ్ణి, నేను దారి అడిగేదేమి" అనుకుంటాము. మనకు తెలిసిన ఊరు ఇప్పుడు లేదు. రాజా మిల్లు జాగాలో పెద్ద మాల్ ఉంది, పక్కనే మెట్రో స్టేషను. బిన్నీ మిల్లు జాగాలో ఆకాశమంత అపార్ట్‌మెంట్లు. మా వీధిలో ఒక పెద్దాయన, ఆయనా మిల్లు మనిషే, మెజెస్టిక్‌లో ఒకతూరి దారి తప్పినాడు. ఆ తర్వాత ఆరు నెలలు మెట్లు దిగలేదు. ఇంట్లో మూటమాదిరి ఒక మూల కూర్చున్నాడు. కొడుకు మంచోడే, అన్నం పెడతాడు, మాత్రలు తెచ్చిస్తాడు. అయినా మనిషి సగం అయిపోయినాడు. నాకు భయం దాని గురించే.

ఇంకొక సిక్కు కార్డులది. మనది రెండు రాష్ట్రాల బతుకు. కర్ణాటకంలో 2023 జూన్ 11 నుంచి శక్తి స్కీములో ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో టికెట్టు లేదు. అయితే ఈ రాష్ట్రం అడ్రసు ఉండే కార్డు చూపించాల. తమిళనాడులో 2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ఊరికే, ఏ ఊరని అడగరు. మా ఇంటామె ఆధార్‌లో ఇంకా డెంకణికోట అడ్రసే. పిల్లోడు మార్పిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఇది కూడా మార్చేస్తే నేను ఏ ఊరిదాన్ని?" అనింది. బస్సులో అందరూ కార్డు చూపిస్తా ఉంటే ఈమె మాత్రం టికెట్టు తీసుకుంటుంది. పిల్లలకు ఇది పిచ్చిగా కనపడొచ్చు. నేను మాత్రం ఏమీ అనలేదు. పెద్దవాళ్ల కార్డులు మార్చే ముందు వాళ్లను అడగండి.

రేషను సంగతి కూడా తెలుసుకోండి. మీ తమిళనాడు కార్డు కేంద్రం ఆహార భద్రత చట్టం కిందిదైతే, ఆ బియ్యం బెంగళూరు డిపోలో కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. తమిళనాడు సర్కారు ఇచ్చే కందిపప్పు, పామాయిల్ మాత్రం అక్కడి అంగట్లోనే. పి.ఎఫ్. పింఛను తీసుకునేవాళ్లు బ్యాంకు కోసం ఊరికి పరిగెత్తే పని లేదు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు, ఏ బ్రాంచిలో అయినా తీసుకోవచ్చు. బతికి ఉన్నామనే సర్టిఫికెట్టు ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు, ఏ నెలలో ఇచ్చినా ఒక సంవత్సరం చెల్లుతుంది. తక్కువలో తక్కువ పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలే. ఆ వెయ్యి కోసం బస్సు ఛార్జీలు ఎందుకు పోగొట్టుకునేది?

ఊరికి పోయి వచ్చేది కూడా ఇప్పుడు సులువైంది. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు లైను మొదలైంది. బొమ్మసంద్రలో దిగితే హోసూరు బస్సు, అక్కడినుంచి డెంకణికోట ఇంకొక పాతిక కిలోమీటర్లు. సిల్క్ బోర్డు దగ్గర గంట నిలబడే బాధ తప్పింది. మనసు గుంజినప్పుడు పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు అని తెలిస్తే, ఇక్కడ ఉండేది అంత బరువు అనిపించదు.

మా ఇంటామె ఇముడుకొనింది ఎట్లా అంటే, అనపకాయల వల్ల. పోయిన మార్గశిరంలో ఊరినుంచి ఒక మూట తెచ్చినాము. ఒలిచి, నానబెట్టి, ఒక్కొక్క గింజనూ పితికితే గానీ పితికినపప్పు కాదు. ఒక్కతే చేసే పని కాదు అది. గాలి కోసం మెట్ల మీద కూర్చొని పితుకుతా ఉంటే ఎదురింటి తలుపు తెరుచుకొనింది. ఆమెది కోలారు పక్క, చిన్నప్పుడు వాళ్లవ్వ చేసేదంట. కింది ఇంటామె కూడా వచ్చె. ఆ రాత్రి మూడు ఇండ్లలో పితికినపప్పు పులుసు, రాగి సంగటి. ఇప్పుడు సాయంకాలమైతే ఆ మెట్లే మా వీధి అరుగు.

పిల్లలకు ఒక మాట. మీ అమ్మానాయనా ఊరినుంచి వస్తే టీవీ ముందర కూర్చోబెట్టి పనికి పోవద్దండి. మొదటి వారంలోనే ఒక ఆదివారం తీరిక చేసుకొని మెట్రోలో పిల్చుకొని పోండి. కార్డు ఎక్కడ తాకించేది, ఏ పక్క దిగేది చూపించండి. రెండోతూరి వాళ్లను ముందర నడవనిచ్చి మీరు వెనక పోండి. పాలు, కూరగాయలు తెచ్చే పని వాళ్లకు వదలండి.

పెద్దవాళ్లకు ఒక మాట. దారి తెలియకపోతే అడగండి. బెంగళూరికి మొదటితూరి వచ్చిన పొద్దు మనమంతా అడిగే నేర్చుకున్నాము కదా.