ఎవరి సొంతమూ కాని టపా

దసరా రాత్రి దేవరగట్టు కొండ దగ్గర బన్ని ఉత్సవం జరుగుతుంది. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం నెరణికి, కొత్తపేట, చుట్టుపక్కల ఊళ్ల జనం దివిటీల వెలుగులో కర్రలతో తలపడతారు. తెల్లారేసరికి ఆ ఫోటోలు ఊరూరా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. అదే ఫోటో పత్రికాఫీసుకు నాణ్యత చెడకుండా చేరాలంటే మాత్రం ఫోటోగ్రాఫర్ ఈమెయిల్ తెరుస్తాడు. ఆదోని పత్తి వ్యాపారికి జీఎస్టీ నోటీసు మెయిల్‌కూ వస్తుంది. ఎమ్మిగనూరులో డిగ్రీ ముగించిన అమ్మాయికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదీ దానికే. కబుర్లన్నీ చాటింగ్‌లోకి వెళ్లిపోయాయి. లెక్కకు నిలవాల్సిన రాతకు మాత్రం యాభై ఏళ్లు దాటిన ఈ పాత సాధనమే ఇంకా దిక్కు.

దానికి కారణం ఈమెయిల్ కట్టుబడిలోనే ఉంది. వాట్సాప్ ఒక కంపెనీది. అందులో ఉన్నవాళ్లు అందులో ఉన్నవాళ్లతోనే మాట్లాడగలరు. ఈమెయిల్‌కు యజమాని లేడు. జీమెయిల్ నుంచి యాహూకు, ప్రభుత్వ సర్వర్ నుంచి ప్రైవేటు కాలేజీ సర్వర్‌కు ఉత్తరం వెళ్తుంది. అందరూ ఒప్పుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. వాటిని పాటించే ఏ యంత్రమైనా ఈ టపాలో చేరవచ్చు.

ఒకే గదిలో రెండు యంత్రాలు

1965 నాటికే అమెరికాలోని ఎంఐటీలో ఒక పెద్ద కంప్యూటర్‌ను పంచుకునేవాళ్లు అందులోనే ఒకరికొకరు చీటీలు పెట్టుకునేవారు. కానీ ఆ చీటీ యంత్రం దాటి బయటకు పోలేదు. 1971లో బీబీఎన్ సంస్థ ఇంజినీరు రే టామ్లిన్‌సన్ ఆ గోడ పడగొట్టాడు. ఒకే యంత్రంలో సందేశాలు పెట్టే ప్రోగ్రామ్ ఒకటి, యంత్రాల మధ్య ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ ఒకటి అప్పటికే ఉన్నాయి. రెండింటినీ ముడివేశాడు. మొదటి మెయిల్ వెళ్లిన రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో పక్కపక్కనే ఉండేవి. వాటిని కలిపింది మాత్రం ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్. మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీయడానికి ఒక గుర్తు కావలసివచ్చింది. కీబోర్డు మీద ఉండి, మనుషుల పేర్లలో ఎక్కడా రాని 'ఎట్' (@) గుర్తు కనిపిస్తే దాన్నే ఎంచుకున్నాడు. ఆ మొదటి మెయిల్‌లో ఏం రాశాడో తర్వాత ఆయనకే గుర్తులేదు.

హొళగుంద నుంచి హ్యూస్టన్‌కు

దేవరగట్టు ఉన్న హొళగుంద మండలం నుంచి ఒకరు అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్న అన్నకు బన్ని ఫోటో పంపారనుకుందాం. ఫోన్‌లో 'పంపు' నొక్కగానే అది నేరుగా అన్న ఫోన్‌కు పోదు. ముందు పంపినవారి మెయిల్ కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. ఆ సర్వర్ చిరునామాలో ఎట్ గుర్తు తర్వాతి భాగం చూసి, 'ఈ పేరుకు వచ్చే ఉత్తరాలు తీసుకునే యంత్రం ఏది?' అని డీఎన్‌ఎస్ అనే ప్రపంచవ్యాప్త పట్టికను అడుగుతుంది. ఆ పట్టికను 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు.

యంత్రం ఆచూకీ దొరికాక రెండు సర్వర్లూ మాట్లాడుకుంటాయి. 'నేను ఫలానా', 'ఉత్తరం ఫలానావారి దగ్గర నుంచి', 'ఫలానావారికి', 'ఇదిగో సంగతి' అని ఒకటి చెబుతుంటే, రెండోది ప్రతి మాటకూ సరే అనో కుదరదనో జవాబిస్తుంది. ఈ సంభాషణ పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. జాన్ పోస్టెల్ 1982లో రాసిన ఈ నియమాల మూలసూత్రాలే ఇప్పటికీ నడుస్తున్నాయి.

అవతలి సర్వర్ ఆగిపోయి ఉన్నా ఉత్తరం మాయమైపోదు. పంపే సర్వర్ దాన్ని దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు వదలకుండా చూడాలని నియమాలు సూచిస్తాయి. అప్పటికీ కుదరకపోతే, అందలేదన్న సంగతి పంపినవారికి తిరిగి చెప్పాలి. లైన్లు తరచూ తెగే కాలంలో పుట్టిన ఈ ఓపిక, సిగ్నల్ వచ్చిపోయే మన పల్లెలకూ పనికొస్తోంది. అన్న ఫోన్ ఆపి ఉన్నా ఫరవాలేదు. ఉత్తరం ఆయన సర్వర్‌లోని పెట్టెలో ఉంటుంది, తెరిచినప్పుడు కనిపిస్తుంది.

ఏడు బిట్లలో తెలుగు

ఎస్‌ఎంటీపీ మొదట్లో ఒక్కో అక్షరానికి ఏడు బిట్లే ఇచ్చింది. ఏడు బిట్లతో వచ్చేవి 128 సంకేతాలు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, యంత్రాన్ని నడిపే సంకేతాలతోనే అవి నిండిపోయాయి. తెలుగుకు చోటు లేదు, ఫోటోకూ లేదు.

తెలుగువాళ్లు ఊరుకోలేదు. అదే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేశారు. రైస్ పేరు మీదే అది ఆర్‌టీఎస్ అయింది. ఇంగ్లిష్ చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. దేవరగట్టు రాయాలంటే ఇంగ్లిష్ అక్షరాలు 11 చాలు, పలుకు ఎక్కడా చెడదు. అమెరికాలోని తెలుగువాళ్లు ఆ రాతలోనే పద్యాలమీద వాదులాడుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు. 2006లో వీవెన్ తెచ్చిన 'లేఖిని' పరికరం కూడా ఇదే తోవలో ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయించింది.

అసలు చిక్కు మాత్రం 1992లో వచ్చిన మైమ్ పద్ధతితో తీరింది. దాన్ని నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించారు. దారి ఏడు బిట్లదే అయినప్పుడు, వెళ్లే సరుకునే దానికి సరిపడా మార్చాలన్నది వాళ్ల ఆలోచన. మూడు బైట్ల సమాచారాన్ని తీసుకుని నాలుగు మామూలు అక్షరాలుగా రాస్తారు. పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలు 52, అంకెలు 10, గుర్తులు 2, మొత్తం 64 అక్షరాలే వాడతారు కనుక దీన్ని బేస్64 అంటారు. అవతలి యంత్రం దాన్ని మళ్లీ యథారూపానికి తెస్తుంది. 1992 మార్చి 11న బోరెన్‌స్టీన్ తన పాటల బృందం ఫోటోను, పాటను ఇలా మెయిల్‌కు జతచేసి పంపాడు.

అదే సమయంలో యూనికోడ్ అనే అక్షర ప్రమాణం తెలుగుకు సొంత సంకేతాలిచ్చింది. యూనికోడ్‌లో దేవరగట్టు అంటే ద, ఏత్వం, వ, ర, గ, ట, పొల్లు, ట, కొమ్ము. మొత్తం 9 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 27 బైట్లు. బేస్64లో అవి 36 అక్షరాలవుతాయి. మన కంటికి ఐదు అక్షరాలే. ఫోటో సంగతీ ఇంతే. 3 ఎంబీ ఫోటో ఇలా మారితే సుమారు 4 ఎంబీ అవుతుంది. జతచేసే ఫైలు పరిమితికి లోపలే ఉన్నా ఒక్కోసారి మెయిల్ తిరిగి రావడానికి ఈ మూడోవంతు బరువే కారణం.

చిరునామాను కూడా తెలుగులో రాసుకునే ప్రమాణాలు 2012లో వచ్చాయి. 2014 నుంచి జీమెయిల్ అలాంటి చిరునామాలను గుర్తిస్తోంది. '.భారత్' అని తెలుగులోనే ముగిసే చిరునామాలూ ఉన్నాయి. కానీ దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైట్లు చాలావరకు వాటిని ఒప్పుకోవడం లేదు. ఉత్తరం తెలుగైంది, చిరునామా ఇంకా కాలేదు.

కవరు మీద ఒకటి, లోపల ఒకటి

పోస్టులో వచ్చే కవరు వెనక ఎవరి పేరైనా రాయొచ్చు, లోపలి కాగితం మీద మరొకరి సంతకం పెట్టొచ్చు. మెయిల్‌లోనూ సర్వర్లు చూసే పేరు వేరు, మనకు తెరమీద కనిపించే పేరు వేరు. ఒకరినొకరు నమ్మే కొద్దిమంది శాస్త్రజ్ఞుల కోసం పుట్టిన పద్ధతి కాబట్టి పంపేవారెవరని నిలదీసే ఏర్పాటు మొదట్లో లేదు. అడగని మెయిళ్లూ ఆనాటివే. 1978లో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు.

తర్వాత మూడు కాపలాలు వచ్చాయి. ఈ సంస్థ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ యంత్రాలకుందో చెప్పేది ఎస్‌పీఎఫ్. దారిలో రాత మారలేదని రహస్య సంకేతంతో ముద్రవేసేది డీకిమ్. రెండూ తప్పితే ఆ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్. పెద్దసంఖ్యలో మెయిళ్లు పంపేవారు ఇవి పాటించి తీరాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతున్నాయి. అయినా బ్యాంకు పేరును పోలిన కొత్త పేరు కొనుక్కుని, ఈ మూడు పరీక్షలూ నెగ్గే మోసగాళ్లున్నారు. కనిపించే పేరు కాకుండా, ఎట్ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చూడటమే మన చేతిలోని రక్ష.

నెట్ సెంటర్ దాకా

మన దేశంలో మెయిల్ 1980ల చివర్లో ఎర్నెట్ అనే నెట్‌వర్క్ ద్వారా ఐఐటీల వంటి విద్యాసంస్థల్లో మొదలైంది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సంస్థ ఇంటర్నెట్‌ను ప్రజలకు అమ్మసాగింది, అదీ ముందు మహానగరాల్లోనే. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ మొదలుపెట్టిన హాట్‌మెయిల్ చిన్న ఊళ్లకు అసలు మలుపు. మెయిల్ చూడటానికి సొంత కంప్యూటర్ అక్కర్లేదు, బ్రౌజర్ ఉన్న ఏ యంత్రమైనా చాలు. నెట్ సెంటర్లో కూర్చుని మెయిల్ చూసుకునే అలవాటు అలా వచ్చింది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ చోటు ఉచితంగా ఇచ్చాక పాత ఉత్తరాలు చెరిపేయాల్సిన పని తప్పింది. పెట్టె కాస్తా దస్తావేజుల బీరువా అయింది.

చట్టం కూడా అలాగే చూస్తోంది. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం, మీరు ఫలానా చిరునామాకు పంపమని ఇచ్చాక, మెయిల్ ఆ పెట్టెలో చేరిన క్షణమే మీకు అందినట్టు లెక్క. వేరే ఒప్పందం లేనంతవరకు, తెరవలేదన్న మాట చెల్లదు.

ఇంత విలువైన చిరునామా మన దగ్గర చాలామందికి చేతిలో లేదు. దరఖాస్తు నింపేరోజు నెట్ సెంటర్ కుర్రాడు ఏదో ఒక మెయిల్ సృష్టిస్తాడు. పాస్‌వర్డ్ అతని నోటుబుక్కులో ఉంటుంది, తిరిగి పొందే ఫోన్ నంబరు కూడా అతనిదే. ఆర్నెల్లకు పిలుపు వస్తే చూసేవారుండరు. యజమాని లేని టపాలో మీ పెట్టెకు మాత్రం మీరే యజమాని కావాలి. కాబట్టి సొంత చిరునామా ఒకటి, సొంత ఫోన్ నంబరుతో తెరుచుకోండి. రెండంచెల తనిఖీ పెట్టుకోండి. నెట్ సెంటర్లో పని ముగిశాక లాగౌట్ అయి లేవండి. వారానికోసారైనా పెట్టె చూడండి, స్పామ్‌తో సహా.