గురక మీదికి ఒక సూది

1890ల తొలినాళ్లలో పారిస్‌లో ఆర్సెన్ డార్సన్‌వాల్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రం గమనించాడు. మామూలు కరెంటు తగిలితే కండరాలు బిగుసుకుపోతాయి. అదే కరెంటు సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకుంటుంటే షాక్ కొట్టదు, ఒళ్లు వెచ్చబడుతుందంతే. 1926లో బోస్టన్‌లో హార్వే కుషింగ్ అనే సర్జన్, విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో ఆ వేడిని ఆపరేషన్‌కు వాడి, రక్తం ఎక్కువ పోకుండా కణితులు తీశాడు. అప్పట్నుంచి అది కోతకు, రక్తం ఆపడానికి పనిముట్టయింది.

గురకకు కావాల్సింది కోత కాదు. నిద్రలో మెత్తని అంగిలి, కొండనాలుక వదులై, షామియానా అంచు గాలికి కొట్టుకున్నట్టు కొట్టుకుంటాయి. 1980ల చివర్లో పారిస్ డాక్టర్ కమామీ లేజర్‌తో ఆ అంచునే కత్తిరించాడు. గురక తగ్గేది, కానీ రోజుల తరబడి మింగుడుపడనంత నొప్పి.

1990లలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నెల్సన్ పావెల్, రాబర్ట్ రైలీ బృందం ముందు పంది నాలుకల మీద, తర్వాత మనుషుల అంగిలి మీద ప్రయత్నించింది వేరే దారి. అంచును కోయకుండా, డార్సన్‌వాల్ గమనించిన కరెంటు వేడితోనే బిగించడం. 1997లో అమెరికాలో ‘సోమ్నోప్లాస్టీ’ పేరుతో దానికి అనుమతి వచ్చింది.

రోగి కుర్చీలో కూర్చునే ఉంటాడు. అంగిలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సన్నటి సూదిని కండలోకి దించుతారు. సూది మొదలు చుట్టూ విద్యుత్తును అడ్డుకునే తొడుగు ఉంటుంది, కొన మాత్రమే బయటికి. అందుకే పైపొర కాలదు, లోపలి కండే ఉడుకుతుంది. కొన దగ్గరి ఉష్ణమాపకం వేడిని కనిపెడుతూ, సుమారు 85 డిగ్రీలు దాటనివ్వదు. మాడ్చే బోవీ యంత్రానికీ దీనికీ అసలు తేడా అదే. ఆ రాత్రికే గురక ఆగిపోదు, పైగా వాపు వల్ల కొన్నాళ్లు పెరగొచ్చు కూడా. లోపలి గాయం వారాల మీద మాని, గట్టిపడి, ముడుచుకుంటేనే అంగిలి బిగుస్తుంది. చాలామందికి ఒక విడత సరిపోదు. కొందరికి ఏడాది రెండేళ్లకు గురక మళ్లీ మొదలవుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. గురక మధ్యలో ఊపిరే ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి ఈ సూది చప్పుడు తగ్గించి జబ్బును దాచేయగలదు. నిద్ర పరీక్ష చేయించకుండా సూది అందుకునే క్లినిక్‌ను నేనైతే నమ్మను. ఆప్నియా తీవ్రంగా ఉందని తేలితే ముందుగా సూచించేది, 1981లో సిడ్నీలో కోలిన్ సలివాన్ ప్రకటించిన గాలి మాస్కునే.