లీటరుకి 47 కిలోమీటర్లు ఇచ్చే స్పోర్ట్స్ కారు



పోయిన నెల మన లైబ్రరీలో పాత పత్రికల కట్ట సర్దుతుంటే ఒక కారు బొమ్మ దొరికింది. పేరు బీఎండబ్ల్యూ ఐ8. దాని తలుపులు పక్కకి తెరుచుకోవు, పిట్ట రెక్కలెత్తినట్టు పైకి లేస్తాయి. కింద లీటరుకి 47 కిలోమీటర్లు అని అచ్చేసి ఉంది. ఆ రాత్రి స్టడీ అవర్లో చదువు మానేసి అందరం దాని మీదే పడ్డాం. "ఏటే, మా మావయ్య బండే 45 ఇస్తాది. రెండు కోట్ల కారు అంతకన్నా ఎక్కువ ఇస్తాదేటి?" అని ఒకర్తె. "పుస్తకంలో ఉత్తినే రాస్తారా మరి?" అని ఇంకొకర్తె. మర్నాడు ఫిజిక్స్ మేడమ్ గారిని అడిగాము. ఆవిడ అవును కాదు అనలేదు. "ఆ 47 ఎలా వచ్చిందో చూద్దాం" అని కంప్యూటర్ రూముకి తీసుకెళ్ళి వివరాలు చూపించారు. నాకు అర్థమైనది రాస్తున్నాను.

ఈ కారుని 2014 నుండి 2020 వరకు తయారు చేశారు. మన దేశంలో 2015లో సచిన్ టెండూల్కర్ చేతుల మీదుగా విడుదల చేశారు. అప్పటి ధర 2 కోట్ల 29 లక్షలు. పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటారు ఒకటి, రెండూ ఉంటాయి. బ్యాటరీకి సెల్ ఫోనులాగే ప్లగ్గు పెట్టి చార్జింగ్ ఎక్కించాలి. ఆగి ఉన్న కారు 100 కి.మీ. వేగం అందుకోడానికి 4.4 సెకన్లు చాలు.

ఐరోపాలో మైలేజి మనలాగ చెప్పరు. 100 కి.మీ. వెళ్ళడానికి ఎన్ని లీటర్లు కావాలి అని చెబుతారు. ఈ కారుకి 2.1 లీటర్లు అని రాశారు. 100ని 2.1తో భాగిస్తే 47న్నర వస్తుంది. అంటే పత్రిక వాళ్ళు తప్పు అచ్చు వెయ్యలేదు. అసలు కిటుకు ఆ 2.1లోనే ఉంది.

అప్పట్లో ఐరోపా నియమం ఏమిటంటే, ప్లగ్గు పెట్టే కారు ముందు బ్యాటరీ అయిపోయేదాకా నడుస్తుంది, తర్వాత పెట్రోలుతో 25 కి.మీ. నడుస్తుంది, మళ్ళీ చార్జింగ్ పెడతారు అని అనుకోవాలి. ఈ కారు బ్యాటరీతో 37 కి.మీ. వెళుతుందని పరీక్షలో తేలింది. 37, 25 కలిపితే 62. ఈ 62లో మొదటి 37 కి.మీ.కి పెట్రోలు సున్నా. వాడిన కరెంటు మాత్రం ఈ లెక్కలోకే రాదు! ఇప్పుడు నేను వెనక్కి లెక్క కట్టాను. 100 కి.మీ.కి 2.1 లీటర్లయితే 62 కి.మీ.కి 1.3 లీటర్లు. ఆ 1.3 లీటర్లు కాలింది చివరి 25 కి.మీ.లోనే. 25ని 1.3తో భాగిస్తే 19. అంటే అదే పరీక్షలో పెట్రోలు మీద నడిచినప్పుడు లీటరుకి 19 కి.మీ. మాత్రమే. మిగతాది కరెంటు పుణ్యం.

ఆ 19 కూడా రోడ్డు మీద వచ్చినది కాదు. కారుని గదిలో రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతుంటాయి, కారు గానుగెద్దులాగ ఎక్కడికీ పోదు. గాలి అడ్డుకి బదులు రోలర్లకి బిగింపు పెడతారు. పరీక్ష మొత్తం 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు. ఏసీ వెయ్యరు. ఎత్తు లేదు, పల్లం లేదు. ఆగి ఉన్న కారు 50 కి.మీ. వేగానికి రావడానికి ఒకచోట 26 సెకన్లు ఇస్తారు. 26 సెకన్లలో నేను ప్రేయర్ గ్రౌండు సగం నడిచేస్తాను. 4.4 సెకన్లలో 100 అందుకోవాలని రెండు కోట్లు పోసి కొన్నవాడు అంత నిదానంగా తోలతాడా? వేగం రెట్టింపయితే గాలి నాలుగు రెట్లు బలంగా వెనక్కి నెడుతుంది. అందుకని స్పోర్ట్స్ కారుని కొన్నందుకు తగ్గట్టు తోలితే ఆ అంకె రానే రాదు.

అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ వేరేగా కొలుస్తుంది. 2008 నుండి వాళ్ళు ఏసీ, ఎక్కువ వేగం, చలి కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. కరెంటుతో నడిచిన దూరాన్నీ, పెట్రోలుతో నడిచిన దూరాన్నీ కలిపెయ్యకుండా విడివిడిగా రాస్తారు. ఇదే కారుకి పెట్రోలు మీద గాలనుకి 28 మైళ్ళు అని ఇచ్చారు. మన లెక్కలోకి మారిస్తే లీటరుకి సుమారు 12. ఒకే కారుకి 47, 19, 12! కంపెనీ దొంగతనంగా రాసింది ఏమీ లేదు. లెక్క ఎలా కట్టాలో నియమమే చెప్పింది, వాళ్ళు అలాగే కట్టారు. నాకైతే దొంగ లెక్కే నయం అనిపించింది, కనీసం పట్టుకుంటే ఒప్పుకుంటారు.

ఐరోపా వాళ్ళు 2017 నుండి ఆ పరీక్ష తీసేసి కొంచెం గట్టిది పెట్టారు. 2021 నుండి కొత్త కార్లలో ఎంత పెట్రోలు కాలిందో రాసుకునే మీటరు కూడా ఉండాలన్నారు. ఆ మీటర్ల లెక్కలు 2024లో బయటపెట్టారు. మామూలు కార్లు చెప్పినదాని కన్నా సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్గు కార్ల పొగ మాత్రం చెప్పినదానికి మూడున్నర రెట్లు వచ్చింది! కారణం తెలిసిందే, లెక్కలో అనుకున్నంత తరచుగా ప్లగ్గు పెట్టడం లేదు.

ఇదంతా రెండు కోట్ల వాళ్ళ గోల, మనకెందుకు అనొచ్చు. మా అన్నయ్య పోయిన ఏడాది ఫైనాన్స్‌లో బండి తీసుకున్నాడు. ఊరి నుండి పసుపు, పిప్పళ్ళు, కూరగాయలు సంతకి తెస్తాడు. షాపులో 65 ఇస్తాదని చెప్పారు. నెలకి 1300 కి.మీ. తిరిగితే 20 లీటర్లు అనుకొని, మిగిలినదాంట్లో వాయిదా కట్టొచ్చని కాగితం మీద రాసుకున్నాడు. వచ్చేది 45. అంటే 29 లీటర్లు. తొమ్మిది లీటర్లు ఎక్కువ, లీటరు నూరు రూపాయలు దాటింది. అన్నయ్య నెలకి రెండు ఆదివారాలు నన్ను చూడ్డానికి వచ్చేవాడు, ఇప్పుడు ఒక్క ఆదివారమే వస్తున్నాడు. కోటీశ్వరుడికి అంకె తేడా వస్తే తెలియను కూడా తెలియదు.

మరి 65 ఎక్కడికి పోయింది? కొంత ఘాట్ రోడ్డు తినేసింది. మన పాఠంలో ఉన్న ఎంజీహెచ్ సూత్రం వేసి చూడండి. బండి, మనుషులు, మూటలు కలిపి 300 కిలోలు, 600 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకోండి. 300 ఇంటూ 9.8 ఇంటూ 600, దగ్గర దగ్గర 17 లక్షల 60 వేల జౌళ్ళు. లీటరు పెట్రోల్లో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళుంటాయి గాని ఇంజను అందులో పావు వంతే చక్రానికి ఇస్తుందనుకుంటే 80 లక్షలు. అంటే ఒక్కసారి కొండెక్కడానికే పావు లీటరుకి కాస్త తక్కువ ఖర్చు. దూరం వెళ్ళిన ఖర్చు వేరే. దిగేటప్పుడు అది తిరిగి రాదు, బ్రేకులు వేడెక్కి పోతుంది. రోలర్ల మీద ఘాట్ ఉండదు, మూటలూ ఉండవు. మన ఏజెన్సీ రోడ్డు మీద పరీక్ష పెట్టమని ఎవరు అడుగుతారు?

నిజం మైలేజి ఇంట్లోనే కొలవొచ్చు. టాంకు నిండా కొట్టించి మీటరులో కిలోమీటర్లు రాసుకోవాలి. రెండు మూడు వందల కి.మీ. తిరిగాక మళ్ళీ అంతే నిండా కొట్టించి, ఈసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించాలి. బండి మీటరు మీద కనిపించే సరాసరిని నమ్మొద్దు.

దసరా సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో బండి ఉన్నవాళ్ళు ఇలా కొలిచి, ఘాట్ రోడ్డా మైదానమా, ఎంతమంది ఎక్కారు, మూటలు ఎన్ని అన్నది కూడా రాసి నాకివ్వండి. షాపువాళ్ళు చెప్పిన అంకె ఒక పక్క, మనం కొలిచింది ఒక పక్క పెట్టి వచ్చే సంచికలో వేస్తాం. మా అన్నయ్య 45 మొదటి వరసలో రాసి ఉంచాను.

— 9వ తరగతి విద్యార్థిని