చేప పిల్ల బతకాలంటే మొదటి మేతే ముఖ్యం

కండ్లకోయ దాటి మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో కాస్త పొలం ఉంటే, బోరు నీళ్లతో కుంట నింపి చేపలు పెంచుదామనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. మంచి ఆలోచనే. కానీ లక్ష స్పాన్ తెచ్చి కుంటలో వదిలితే, పది రోజులకు వలలో నాలుగు పిల్లలు కూడా పడలేదనే మాట కూడా వింటూనే ఉంటాం. సీడ్ మంచిది కాదనో, రోగం తగిలిందనో అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు ఆకలే.

మూడు రోజులే గడువు

బొచ్చె, రవ్వ చేపల గుడ్లు వెచ్చటి నీటిలో 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి. అప్పుడే పుట్టిన పిల్ల ఏమీ తినలేదు. పొట్ట కింద ఉండే సొన సంచే దాని ఆహారం. సుమారు 3 రోజులకు అది కరిగిపోతుంది. అప్పటికి పిల్ల పొడవు 6 మిల్లీమీటర్లే. ఆ పూటకు దాని నోట్లో పట్టేంత సన్నటి మేత దొరక్కపోతే ఇక బతకదు.

ముందు ప్రాణమున్న మేత

పాలు తాగే బిడ్డకు బిర్యానీ పెట్టం గదా! ఇదీ అంతే. ఈ వయసులో చేప పిల్లకు పొడి మేత సరిగా అరగదు. పైగా కదిలేదాన్నే అది తిండిగా గుర్తుపడుతుంది. అందుకే కంటికి కనిపించీ కనిపించని రోటిఫర్లు, ఆ తర్వాత కాస్త పెద్దవైన మొయినా, డాఫ్నియా లాంటి నీటి జీవులు కావాలి.

వీటిని కొనక్కర్లేదు, కుంటలోనే పెంచుకోవచ్చు. ఎకరానికి 300 కిలోల పల్లి చెక్క, 80 కిలోల పేడ, 20 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నీళ్లలో చిక్కగా కలపాలి. అందులో సగం స్పాన్ వదలడానికి 2, 3 రోజుల ముందే చల్లాలి. మిగతాది తర్వాత విడతలుగా వేయాలి. 50 లీటర్ల కుంట నీళ్లు సన్నటి జాలీ గుడ్డలో వడగడితే 1 నుంచి 2 మిల్లీలీటర్ల జీవులు మిగలాలి. అంతకంటే తక్కువుంటే స్పాన్ తేవడానికి తొందరపడొద్దు.

తర్వాత తయారు మేత

కుంటలోని జీవులు ఎక్కువ రోజులు సరిపోవు. అందుకే పల్లి చెక్క, తవుడు సమానంగా తీసుకుని, మెత్తగా పొడి చేసి జల్లించి వేయాలి. లక్ష స్పాన్‌కు మొదటి 5 రోజులు రోజుకు 600 గ్రాములు, ఆ తర్వాత 1.2 కిలోలు. పొద్దున సగం, సాయంత్రం సగం. ఇలా చేస్తే 15, 20 రోజుల్లో పిల్ల అంగుళం సైజుకు వస్తుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పెరుగుతాయనుకోవద్దు. మిగిలిన మేత కుళ్లి నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

కొర్రమీను సంగతి వేరు

మన రాష్ట్ర చేప కొర్రమీను మాంసాహారి. ఆకలేస్తే పక్క పిల్లనే మింగేస్తుంది. దీనికి నీటి జీవులో, ఆర్టీమియా పిల్లలో పెట్టాలి. ఆర్టీమియా గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి. ఉప్పునీటిలో గాలి అందిస్తూ ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. అయితే మంచినీటిలో అవి ఎక్కువసేపు బతకవు, అందుకే కొద్దికొద్దిగా వేయాలి. ఆపై చేపపొడి కలిపిన మేతను రోజూ కాస్త పెంచుతూ అలవాటు చేయాలి. పెద్ద పిల్లల్ని, చిన్న పిల్లల్ని వేరు చేస్తూ ఉండాలి.

స్పాన్ కొనేముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఒకసారి మాట్లాడండి. అన్నిటికంటే ముందు ఒకటి గుర్తుంచుకోండి: మేత తయారయ్యాకే పిల్లలు రావాలి, పిల్లలు వచ్చాక మేత వెతకడం కాదు.